తాతయ్య రాంచీలో ఎందుకున్నారు?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర ఒక పల్లె. అమ్మకి డెబ్భై ఆరేళ్ళు. అమ్మ వాళ్ళ నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో మిలట్రీలో పనిచేసి 1946లో ఇంటికి వచ్చారట. నేను పుట్టకముందే పోయారు. ఆయన ‘రాంచీ ఆసుపత్రి’లో ఆరు నెలలు ఉన్నారని అమ్మమ్మ చెప్పేది. దాంతో ఆయనకి యుద్ధంలో మతి చలించిందని, పిచ్చాసుపత్రిలో పెట్టారని బంధువుల్లో ఒక మాట పుట్టింది. అమ్మ ఇప్పటికీ ఆ మాటకి బాధపడుతుంది. ఇంటికి వచ్చినప్పుడు మనిషి పసుపు పూసినట్టు ఉన్నాడని, పచ్చకామెర్లనుకుని పసరు మందు పోయించారని కూడా చెప్పేవారు. ఈమధ్య ట్రంకుపెట్టెలో మూడు వస్తువులు దొరికాయి. మధ్యలో కిరీటం ఉన్న ఆరు కోణాల ఇత్తడి రంగు నక్షత్రం. గుడారం ముందు పదిమంది నిలబడ్డ ఫోటో. అందులో వెనక బోర్డు మీద ‘ఐ.జి.హెచ్.’ అన్న అక్షరాలు, పక్కన సగం కనిపించే అంకె ఉన్నాయి. మూడోది చిరిగిన ఆసుపత్రి చీటీ. దాని మీద తాతయ్య పేరు, ‘ఐ.హెచ్.సి.’, చివర చిరిగిపోయిన నంబరు, వైజాగపటం జిల్లా అని ఇంగ్లీషులో ఉన్నాయి. ఆయన ఎక్కడ పనిచేశారో, ఏ జబ్బుకి ఏ వైద్యం చేశారో తెలుసుకోవడం ఎలా? మావయ్య మాత్రం పాతవి తవ్వొద్దు అంటున్నారు.

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ చిరిగిన కాగితం దగ్గర ఆగిపోయాను. ‘హాస్పిటల్’ అన్న మాటకి అక్షరం ఉంది కాబట్టి అది రోగికి ఇచ్చిన చీటీ అని మీరంతా అనుకున్నారు. కానీ ఐ.హెచ్.సి. అంటే ఇండియన్ హాస్పిటల్ కోర్. అది అప్పటి సైన్యంలో ఒక విభాగం పేరు. 1920లో ఏర్పడింది. వార్డుల్లో రోగుల్ని చూసుకునే నర్సింగ్ సిపాయిలు, స్ట్రెచర్లు మోసే అంబులెన్స్ సిపాయిలు, వంటవాళ్ళు, స్టోరు చూసేవాళ్ళు, గుమస్తాలు అందులో ఉండేవారు. సైన్యం కాగితాల్లో మనిషి పేరు పక్కన అతని నంబరు, అతను ఏ దళానికి చెందినవాడో ఆ దళం పేరు రాస్తారు. మీ తాతయ్య పేరు పక్కన ఐ.హెచ్.సి. ఉందంటే ఆయన దళం అదే.

అంటే ఆయన ఆసుపత్రిలో ఉన్నమాట నిజమే. మంచం మీద ఉన్నారా, మంచం పక్కన నిలబడి ఉన్నారా అన్నదే తేలాలి. ఇన్నాళ్ళూ మీ ఇంట్లో ఎవరికీ ఈ రెండో ఆలోచన రాలేదు. అందుకు ఎవర్నీ తప్పుపట్టలేం. మన ఊళ్ళలో మిలట్రీ అంటే తుపాకీ ఒక్కటే. మిలట్రీలో ఉంటూ తుపాకీ బదులు స్ట్రెచర్ పట్టుకున్నవాళ్ళు వేలమంది ఉండేవారని మనకి ఎవరు చెప్పారు?

ఆ మూడక్షరాలు ఇంకో సంగతి కూడా చెబుతున్నాయి. 1943 ఏప్రిల్ 3న ఇండియన్ మెడికల్ సర్వీస్‌ని, ఇండియన్ మెడికల్ డిపార్ట్‌మెంట్‌ని, ఈ హాస్పిటల్ కోర్‌ని కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ ఏర్పాటు చేశారు. ఇప్పటి ఆర్మీ మెడికల్ కోర్‌కి అదే పుట్టినరోజు. కాబట్టి కాగితం మీద పాత పేరు ఉందంటే ఆయన 1943 ఏప్రిల్‌కి ముందే చేరి ఉండాలి. ఈ లెక్క సరిచూసుకోవడానికి మీ దగ్గర మంచి కొండగుర్తు ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బొబ్బిలి ప్రాంతంలో ఆ మాట వినని ఇల్లు అప్పట్లో ఉండి ఉండదు. ‘బాంబులు పడ్డప్పుడు నాన్న ఊళ్ళో ఉన్నారా, అప్పటికే వెళ్ళిపోయారా అని అమ్మమ్మ ఎప్పుడైనా అందా?’ అని మీ అమ్మగారిని అడగండి. ‘ఏ సంవత్సరంలో చేరారు’ అంటే ఎవరూ చెప్పలేరు. ‘బాంబులకి ముందా, తర్వాతా’ అంటే చెప్పగలరు.

ఇక రాంచీ. మన వైపు ఎవరైనా ‘రాంచీ పంపాలి’ అంటే ఏ అర్థంలో అంటారో మనకి తెలుసు. రాంచీ పక్కన కాంకేలో ఉన్న మానసిక ఆసుపత్రి వల్ల ఊరు పేరే తిట్టుగా మారిపోయింది. కానీ 1942 నుంచి యుద్ధం ముగిసేదాకా సైన్యానికి రాంచీ అంటే వేరు. 1942లో జపాన్ సేన బర్మాని ఆక్రమించినప్పుడు వెనక్కి నడిచి వచ్చిన సైనికుల్లో చాలామంది మలేరియాతో, విరేచనాలతో కూలబడిపోయారు. వాళ్ళని తెచ్చిన పెద్ద ఆసుపత్రి కేంద్రాల్లో రాంచీ ఒకటి. ముందు వరస నుంచి రైళ్ళలో, పడవల్లో రోజుల తరబడి ప్రయాణం చేయించి రోగుల్ని అక్కడికి చేర్చేవారు. ఒకటి కాదు, అక్కడ చాలా సైనిక ఆసుపత్రులు నడిచాయి. ఆ మంచాల మీద చనిపోయినవాళ్ళ సమాధులు ఇప్పటికీ రాంచీ వార్ సెమెటరీలో ఉన్నాయి. అప్పటి సైనికుడు ‘రాంచీ ఆసుపత్రి’ అంటే మన పెద్దవాళ్ళు ‘విశాఖలో కేజీహెచ్‌లో ఉన్నాను’ అన్నట్టే. అందులో ఏ వార్డు అన్న సూచన లేదు. ఆయన భార్యకి మామూలుగా చెప్పిన మాట, కాంకే పేరు మాత్రమే విన్నవాళ్ళ చెవిలో ఇంకోలా పడింది. నాకు అర్థమైనంతవరకు జరిగింది ఇదే.

మీ దగ్గరున్న నక్షత్రాన్ని కూడా చూడండి. కిరీటం చుట్టూ ఉన్న వలయంలో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అక్కడ ‘బర్మా స్టార్’ అని ఉంటే, మధ్యలో ఎర్ర చార, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలం నడుమ నారింజ రంగు గీత ఉన్న రిబ్బన్ ముక్క ఏదైనా మిగిలి ఉంటే, ఆయన వెనక ఊళ్ళలో కూర్చోలేదని అర్థం. ఆ స్టార్ బర్మాలో పనిచేసినవాళ్ళకి, కొన్ని నిర్ణీత కాలాల్లో అస్సాం, బెంగాల్ వైపు పనిచేసినవాళ్ళకి ఇచ్చారు. అప్పటి బీహార్‌లో ఉన్న రాంచీలో ఉన్నంత మాత్రాన రాదు. నక్షత్రాన్ని తిప్పి వెనకవైపు భూతద్దంతో చూడండి. బ్రిటన్ తన సైనికులకి ఈ స్టార్లను పేరు లేకుండా ఇచ్చింది. భారత సైనికుల స్టార్ల మీద మాత్రం నంబరు, పేరు అచ్చు గుద్దేవారు. కాగితం మీద చిరిగిపోయిన ఆ చివరి అంకెలు నక్షత్రం వెనక దొరకొచ్చు! ఒక్క మాట. దాన్ని చింతపండుతో తోమకండి. మనవాళ్ళకి ఇత్తడి కనపడితే చేయి ఆగదు. పులుపుకి అక్షరాలు అరిగిపోతాయి. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. చిరిగిన కాగితాన్ని కూడా లామినేషన్ చేయించొద్దు. పగటి వెలుతురులో రెండు వైపులా ఫోటో తీసి, ఆమ్లం లేని కవరులోనో, కనీసం శుభ్రమైన తెల్లకాగితాల మధ్యనో పెట్టండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించిన మాట ‘పసుపు పూసినట్టు’ అన్నది. ఇంటివాళ్ళు పచ్చకామెర్లు అనుకోవడం సహజం. కానీ బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి పచ్చగా ఉంటే ముందు గుర్తు రావలసింది మెపాక్రిన్ అనే మాత్ర. మలేరియాకి అప్పటిదాకా వాడిన క్వినైన్ ఎక్కువగా జావా నుంచి వచ్చేది. 1942లో జావా జపాన్ చేతికి పోవడంతో అది కరువైంది. దాని బదులు సైనికులకి రోజూ మెపాక్రిన్ ఇచ్చారు. పసుపు రంగు మాత్ర, చేదు. కొన్ని వారాలు మింగితే ఒళ్ళంతా పచ్చబడేది. మానేశాక కొన్ని వారాలకి రంగు పోయేది. అంటే పసరు మందు పోసినా, పోయకపోయినా ఆయన మామూలు రంగుకి వచ్చేవారే. కామెర్లు కూడా ఆ సైన్యంలో బాగా ఉన్న జబ్బే. అందుకని ఒక గుర్తు అడగండి. కళ్ళు కూడా పచ్చగా ఉన్నాయా, మూత్రం, ఆకలి సంగతేమైనా అమ్మమ్మ చెప్పిందా? కళ్ళ తెల్లగుడ్డు మామూలుగా ఉండి చర్మం మాత్రమే పచ్చగా ఉంటే అది మాత్ర వల్లే అనుకోవచ్చు.

ఆ మాత్ర చుట్టూ పెద్ద కథే నడిచింది. అది మింగితే మగతనం పోతుందని సైనికుల్లో పుకారు పుట్టింది. చాలామంది నోట్లో దాచుకుని ఉమ్మేసేవారు. దాంతో పరేడ్‌లో నిలబెట్టి, అధికారి ముందు మింగించి, నోరు తెరిపించి చూసేవారు. బర్మాలో పోరాడిన పద్నాలుగో సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్, దళాల్లో రక్తపరీక్షలు చేయించి నూటికి తొంభై ఐదుమంది కంటే తక్కువమంది ఒంట్లో మందు కనిపిస్తే ఆ దళాధికారిని తీసేశాడు. అలా ముగ్గుర్ని తీసేయడంతో మిగతావాళ్ళు దారికొచ్చారు. అంత కఠినం ఎందుకంటే, 1943లో ఆ యుద్ధరంగం నుంచి గాయాలతో తరలించిన ఒక్కొక్క సైనికుడికి జబ్బుతో తరలించినవాళ్ళు 120 మంది ఉన్నారు. తూటాల కంటే దోమలే సైన్యాన్ని ఎక్కువ దెబ్బతీశాయి. మలేరియా దోమలో ఆ క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే. అది జరిగిన నలభై ఆరేళ్ళకి కూడా అదే దోమ ఒక సైన్యాన్ని మంచం పట్టించింది. ఆ మంచాల మధ్య రాత్రింబవళ్ళు తిరిగి, ఒళ్ళు తుడిచి, మాత్ర మింగించి, మలమూత్రాలు ఎత్తింది మీ తాతయ్యలాంటి నర్సింగ్ సిపాయిలు.

ఆయన వార్డులో కాకుండా ఫీల్డ్ అంబులెన్స్‌లో ఉంటే పని ఇంకా కష్టం. పేరులో అంబులెన్స్ అని ఉన్నా అది బండి కాదు, కొన్ని వందలమంది ఉండే వైద్య దళం. గాయపడినవాణ్ణి ముందు పటాలం వెనకే ఉండే ఎయిడ్ పోస్టుకి, అక్కడినుంచి డ్రెస్సింగ్ స్టేషన్‌కి, తర్వాత క్యాజువాలిటీ క్లియరింగ్ స్టేషన్‌కి, చివరికి జనరల్ హాస్పిటల్‌కి చేర్చేవారు. మొదటి రెండు మజిలీల్లో, దారిలేని కొండల మీద, మనిషిని మోసింది మనుషులే. తర్వాత జీపులు, డకోటా విమానాలు, దీమాపూర్ నుంచి ఆసుపత్రి రైళ్ళు. బ్రహ్మపుత్ర మీద అప్పటికి వంతెన లేదు. రైలు నుంచి రోగుల్ని దింపి, పడవ దాటించి, మళ్ళీ రైలెక్కించాలి. బర్మా తీరంలోని అరకాన్‌లో 1944 ఫిబ్రవరి 7 రాత్రి జపాన్ సైనికులు ఒక డ్రెస్సింగ్ స్టేషన్‌లోకి చొరబడి మంచాల మీద ఉన్న గాయపడ్డవాళ్ళని, డాక్టర్లని, సిబ్బందిని చంపారు. మీ బంధువుల్లో ఎవరైనా ‘ఆయన యుద్ధం ఎక్కడ చేశాడు, ఆసుపత్రిలోనే కదా ఉన్నాడు’ అంటే ఈ సంగతి చెప్పండి.

మరి మతి చలించిన మాట పూర్తిగా అబద్ధమా? దాన్ని కూడా సూటిగా చూద్దాం. మలేరియా మెదడుకి ఎక్కితే మనిషి సంధిలో పడి ఎవర్నీ గుర్తుపట్టడు. మెపాక్రిన్ ఎక్కువ మోతాదులో పడినప్పుడు కొద్దిమందికి భ్రమలు, కలవరం వచ్చేవి. మందు ఆపితే తగ్గిపోయేవి. యుద్ధంలో చూసిన చావుల వల్ల నిద్రపోలేక, చేతులు వణికి, మాట పడిపోయి ఆసుపత్రికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోసం అప్పటి సైన్యం మానసిక వైద్యుల్ని పెట్టింది. మీ తాతయ్య వాళ్ళలో ఒకరే అయినా, అది కాలికి తూటా తగలడం లాంటిదే. నాకు ఈ విషయంలో కోపం కూడా వస్తుంది. పరాయి దేశం కొండల్లో తోటివాళ్ళని మోసిన మనిషిని ఇంటికొచ్చాక పిచ్చివాడన్న ముద్రతో మూలకి నెట్టారు. ఆయన తర్వాత పెళ్ళాం పిల్లలతో కాపురం చేశారు, వ్యవసాయం చేశారు, మీ అమ్మగారిని పెంచారు. అది కూడా సాక్ష్యమే కదా.

ఇక కాగితాల సంగతి. మీరు ‘ఏ వైద్యం చేశారు’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టారు. దాన్ని చివరికి జరపండి. సిపాయిల కేసు షీట్లు, ఆసుపత్రి రిజిస్టర్లు ఇన్నేళ్ళు మిగలడం చాలా అరుదు. ముందు నంబరు, తర్వాత ఆయన పనిచేసిన యూనిట్, ఆ యూనిట్ ఎక్కడెక్కడ తిరిగింది, అప్పుడు అక్కడ ఏ జబ్బులున్నాయి, ఏ మందులు వాడారు అన్న వరసలో వెళ్తే ఆయన వైద్యం సంగతి దానంతట అదే బయటపడుతుంది.

రాయవలసింది లక్నోలోని ఆర్మీ మెడికల్ కోర్ రికార్డ్ ఆఫీసుకి. హాస్పిటల్ కోర్ వారసత్వం ఆ కోర్‌కే వచ్చింది. అయితే ముందే ఒక సంగతి తెలిసి ఉండాలి. పెన్షన్ లేకుండా బయటికి వచ్చిన సైనికుల సర్వీసు కాగితాలు ఇరవై ఐదేళ్ళు ఉంచి తర్వాత నాశనం చేయడం సైన్యం నిబంధన. 1946లో వచ్చినవాళ్ళవి 1970ల మొదట్లోనే పోయి ఉంటాయి. ‘నాశనమయ్యాయి’ అని జవాబు వస్తే చాలామంది అక్కడితో ఆశ వదిలేస్తారు. మీరు వదలకండి. లాంగ్ రోల్ అనే రిజిస్టర్ వేరుగా ఉంటుంది. అందులో ఒక్కొక్క సైనికుడికి ఒక వరస. పేరు, నంబరు, చేరిన తేదీ, బయటికి వచ్చిన తేదీ, ఎందుకు వచ్చాడు. మీకు కావలసింది ఆ ఆఖరి గడి. యుద్ధం ముగిశాక అందరితోపాటు విడుదల చేశారని ఉంటే ఒక సంగతి. మెడికల్ బోర్డు పెట్టి పంపించారని ఉంటే ఇంకో సంగతి. ఎనభై ఏళ్ళ పుకారు ఆ ఒక్క గడితో తేలుతుంది. అందుకే ఉత్తరంలో ‘మా తాతగారి చరిత్ర మొత్తం ఇవ్వండి’ అని రాయకుండా, లాంగ్ రోల్‌లోని వివరాలు, షీట్ రోల్ (ఆయన ఒక్కరి సర్వీసు వివరాల కాగితం) మిగిలి ఉంటే దాని నకలు, డిశ్చార్జి కారణం అని మూడే అడగండి.

పేరు, ఊరు రాసేటప్పుడు మన మనసుతో కాకుండా 1942 నాటి గుమస్తా చెవితో రాయాలి. రిక్రూటింగ్ గుమస్తాకి తెలుగు రాదు. అప్పలస్వామి అతనికి అప్పల్‌సామి, ఆప్లాస్వామి. సన్యాసి నాయుడిలో నాయుడు అసలు పేరైపోతుంది, ఇంటిపేరు ఎగిరిపోతుంది. మా పెదతాత సాపర్స్‌లో, అంటే సైన్యం ఇంజనీరింగ్ దళంలో పనిచేశారు. ఆయన గురించి నేను రాసిన మొదటి ఉత్తరానికి ‘ఈ పేరుతో ఎవరూ లేరు’ అని జవాబు వచ్చింది. ఏడాది తర్వాత తండ్రి పేరు, పుట్టుమచ్చల వివరంతో, పేరుని నాలుగు రకాలుగా రాసి పంపితే దొరికారు. మీ ఊరి సంగతి ఇంకా చిక్కు. బొబ్బిలి అప్పట్లో వైజాగపటం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది, 1979లో విజయనగరం జిల్లాలోకి. మీరు విజయనగరం జిల్లా అని రాస్తే రిజిస్టర్‌లో ఆ పేరే ఉండదు. పాత జిల్లా, తాలూకా పేర్లు రాసి, ఇప్పటివి పక్కన రాయండి. మీ అమ్మగారు ఆయన కూతురని చూపే కాగితం, ఆయన మరణ ధ్రువపత్రం ఉంటే అది, మీ ఆధార్, మూడు వస్తువుల ఫోటోలు జత చేయండి. దరఖాస్తు మీ అమ్మగారి పేరుతో, ఆవిడ సంతకంతో వెళ్తే మంచిది. ఇంగ్లీషులోనో హిందీలోనో రాసి స్పీడ్ పోస్టులో పంపండి. రెండు నెలలు చూసి, జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేయండి. మొదటి రోజే ఆర్టీఐ వేయమని కొందరు చెబుతారు. నేను చెప్పను. మామూలు ఉత్తరం చదివిన మనిషి నాలుగు అల్మారాలు వెతుకుతాడు. ఆర్టీఐకి అడిగినంతకే జవాబు వస్తుంది.

లక్నోకి రాసేలోపు విజయనగరంలో జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయానికి ఒకసారి వెళ్ళి రండి. పెన్షన్ లేని రెండో ప్రపంచ యుద్ధ సైనికులకి, వాళ్ళ భార్యలకి రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా కొంత ఆర్థిక సాయం ఇస్తుంది. అమ్మమ్మ ఎప్పుడైనా దానికి వేలిముద్ర వేసి ఉంటే, ఆ ఫైల్లో డిశ్చార్జి సర్టిఫికెట్ నకలు ఉండి తీరాలి. పోస్టుమాన్ ఆవిడకి మనియార్డర్ తెచ్చేవాడా అని అమ్మని అడగండి. ఊళ్ళో ఆయనతోపాటు ఇంకెవరు వెళ్ళారో కూడా కనుక్కోండి. ఒకే రోజు ఒకే ఊరి నుంచి చేరినవాళ్ళకి పక్కపక్క నంబర్లు వచ్చేవి. ఆ ఇళ్ళలో ఎవరి దగ్గరైనా పూర్తి కాగితం ఉంటే మీ నంబరు చివర కూడా దాదాపు తేలిపోతుంది.

ఫోటోలో బోర్డు మీద ఉన్న ఐ.జి.హెచ్. అంటే ఇండియన్ జనరల్ హాస్పిటల్. ఒక్కొక్క దానికి ఒక అంకె ఉండేది. ఆ అంకె తెలిస్తే దారి లండన్ దాకా తెరుచుకుంటుంది. క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యు.ఓ. 177 అనే వరసలో రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక వైద్య దళాల వార్ డైరీలు ఉన్నాయి. కేటలాగ్‌ని ఇంటినుంచే ఉచితంగా వెతకొచ్చు. ఆ డైరీల్లో సిపాయిల పేర్లు ఉండవు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ ఆసుపత్రి ఏ తేదీన ఎక్కడికి కదిలింది, ఎన్ని మంచాలు వేశారు, ఎక్కడినుంచి రోగులొచ్చారు, వానకి గుడారాలు ఎలా కూలాయి అన్నవి రోజువారీగా ఉంటాయి. కాపీలు తెప్పించుకుంటే డబ్బు అవుతుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు రీడర్ కార్డు తీసుకుని సొంత కెమెరాతో ఉచితంగా ఫోటోలు తీసుకోవచ్చు. లండన్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు మీ చుట్టాల్లో ఒక్కరైనా ఉంటారు. ఒక శనివారం అడగండి. ఢిల్లీలోని మన నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ ‘అభిలేఖ్ పటల్’ వెబ్‌సైట్‌లో కూడా యూనిట్ పేరుతో వెతకండి. అప్పటి మందులు, జబ్బులు, ఆసుపత్రుల నడక గురించి తెలియాలంటే బి.ఎల్. రైనా సంపాదకత్వంలో వచ్చిన భారత సాయుధ దళాల అధికారిక చరిత్రలో వైద్య సేవల సంపుటాలు ఉన్నాయి. లావు పుస్తకాలు. బర్మా వైపు భాగాలు చూస్తే చాలు.

ఇదే వరసలో వెతుకుతున్న మిగతా పాఠకులకి రెండు మాటలు. దళాన్ని బట్టి రికార్డ్ ఆఫీసు మారుతుంది. మద్రాస్ సాపర్స్, పయనీర్ కోర్ వాళ్ళవి బెంగళూరులో, మద్రాస్ రెజిమెంట్‌వి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఆర్డ్‌నెన్స్ కోర్, ఈ.ఎం.ఈ. (సైన్యం యంత్రాలు, బండ్లు బాగుచేసే విభాగం) వాళ్ళవి సికింద్రాబాద్‌లో. ‘హైదరాబాద్ రెజిమెంట్’ అన్న పేరు చూసి మనదే అనుకోవద్దు. పంతొమ్మిదో హైదరాబాద్ రెజిమెంట్ 1945లో కుమావ్ రెజిమెంట్ అయింది, దాని ఊరు రాణీఖేత్. యుద్ధం నుంచి తిరిగి రానివాళ్ళ కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి. ఆ యుద్ధంలో చనిపోయిన భారత సైనికులు దాదాపు 87,000 మంది. బర్మాలో సమాధి దొరకనివాళ్ళ పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. పేరుతో దొరకకపోతే అదనపు వివరాల గడిలో పాత జిల్లా పేరు కొట్టి చూడండి. ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు అని చాలా పేర్ల కింద రాసి ఉంటుంది. శత్రువుకి పట్టుబడ్డవాళ్ళయితే జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ వాళ్ళకి రాయాలి. వాళ్ళు దరఖాస్తులు ఏడాదిలో కొన్ని రోజులే తీసుకుంటారు, కోటా నిండగానే ఆపేస్తారు.

మావయ్యగారి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అది కాగితాల కంటే సున్నితం. ఆయన తవ్వొద్దంటున్నది బయటపడే నిజానికి భయపడి కావచ్చు. చిన్నప్పుడు బడిలో ‘రాంచీ వాడి కొడుకు’ అని ఎవరైనా అన్నారేమో, మీకు తెలియదు కదా. ఆయనతో వాదించకండి. లక్నోకి ఉత్తరం రాస్తున్నామని చెప్పి ఒప్పించే ప్రయత్నం కూడా ఇప్పుడే వద్దు. ఆదివారం ఆయన ఇంటికి ఆ నక్షత్రాన్ని తీసుకెళ్ళి చేతిలో పెట్టండి. ఐ.హెచ్.సి. అంటే ఏంటో చెప్పండి. నాన్నగారికి సేవలు, కట్లు కట్టడం లాంటివి తెలుసా, ఊళ్ళో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆయన్ని పిలిచేవారా అని అడగండి. నర్సింగ్ సిపాయిగా నాలుగేళ్ళు చేసినవాడి చేతులకి ఆ పని మర్చిపోవడం రాదు. మావయ్యగారి దగ్గర అలాంటి జ్ఞాపకం ఒక్కటైనా ఉంటుందని నా నమ్మకం.

ఆ ఫోటోని ఈసారి స్కానర్‌లో, పన్నెండు వందల డిపిఐలో తీయించండి. ఫోన్‌తో తీసిన దాంట్లో బోర్డు మీద రెండో అంకె 3 అవునో, 8 అవునో తెలియడం లేదు. పదిమందిలో ఎవరి చేతికైనా వైద్య సిబ్బంది కట్టుకునే రెడ్‌క్రాస్ గుడ్డ పట్టీ ఉందేమో కూడా చూసి, మళ్ళీ రాయండి.